గ్రంథాలయంలో ఒక గది ఇవ్వండి: ఉమ్మడి నల్లగొండ, పాలమూరు గ్రంథాలయ సంస్థలకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు నమస్కారం.

శ్రీశైలం జలాశయం కింద కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగే ముందు గుళ్లను విప్పారు. రాయి రాయికీ అంకె వేసి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. సోమశిల గుళ్లనూ అలాగే పైకి తెచ్చి పేర్చారు. మంచి పని చేశారు. ఆ గుళ్ల చుట్టూ బతికిన మనుషుల మాటలకు అంత శ్రద్ధ దక్కలేదు. మునిగిన ఊరిలో ఏ వాడ ఏ దిక్కున ఉండేదో, ఏ బావి నీళ్లు తియ్యగా ఉండేవో, నష్టపరిహారం ఏ లెక్కన కట్టారో, సామాను ఎక్కించుకొని ముందు ఎక్కడికి పోయారో చెప్పగలిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ ఊళ్లు మునిగిన 1981లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై నాలుగు దాటాయి. 1948లో పోలీసు చర్య నాటికి పదేళ్లున్నవాళ్లకు ఎనభై ఏడు దాటాయి. పాత మాటలు రికార్డు చేసే పనిలో ఉన్న మేము ఈ లెక్కలు చూసుకొనే, వాళ్ల మాటలు రికార్డు చేసి దాచే పని మీ గ్రంథాలయాలు చేపట్టాలని మీకు రాస్తున్నాం.

ఈ పని రెవెన్యూ శాఖకు అప్పజెప్పమని ఎందుకు అడగడం లేదో ముందే చెప్పాలి. తహసీలు నుంచి మనిషి పుస్తకం పట్టుకొని వస్తే ముసలాయనకు గుర్తొచ్చేది భూమి. "ఏ సర్వే నంబరు సంగతి బిడ్డా?" అనే అడుగుతాడు. ఆ తర్వాత చెప్పే ప్రతి మాటా పట్టా పాసుపుస్తకం చుట్టూ తిరుగుతుంది, లేదా ఆగిపోతుంది. పోలీసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. గ్రంథాలయానికి ఆ భయం లేదు. పైగా ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు జనం ఇప్పటికే కడుతున్నారు. ఆ సొమ్ముతో ఆ జనం మాటే దాచిపెట్టడం కన్నా సరైన ఖర్చు మాకు కనిపించడం లేదు.

ఎవరి దగ్గరికి ముందు పోవాలి? అందరూ సాయుధ పోరాటం అంటారు. నిజమే, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి 1951 దాకా అప్పటి నల్లగొండ జిల్లా అంతా ఒక కాలం నడిచింది. కానీ నాయకుల మాటలు చాలావరకు పుస్తకాల్లోకి ఎక్కాయి. పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1980లలోనే టేపుల మీద పట్టుకున్నారు. ఇప్పుడు మిగిలింది అప్పటి పిల్లలు. లెవీ ధాన్యం కొలుస్తుంటే గుమ్మం పక్కన నిలబడి చూసినవాళ్లు, దళానికి అన్నం గంప మోసిన అమ్మ వెనక నడిచినవాళ్లు. వాళ్లతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగిపోవద్దు. నాగార్జునసాగర్ రాతి కట్టడానికి రాళ్లు, సున్నం మోసినవాళ్లు, ఏలేశ్వరం నీట మునిగితే లేచి వచ్చినవాళ్లు, కూలీలను కుదిర్చే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని దేశమంతా డ్యాముల మీద మట్టి పని చేసిన పాలమూరు లేబరు, అమ్రాబాద్ గుట్టల చెంచులు, దేవరకొండ తండాల పెద్దలు ఉన్నారు. మా అంచనాలో ముంపు ఊళ్లు, వలస కూలీల మాటలే ఎక్కువ నష్టపోయే చోటు. వాళ్లను చరిత్ర అని ఎవరూ పిలవలేదు, వాళ్లూ తమను అలా అనుకోలేదు. "మాదేముంది చెప్పనీకి" అన్న ఇంట్లోనే నాలుగు గంటల మాట ఉంటుంది.

పాట వేరే పని. పన్నెండు మెట్ల కిన్నెర మీద పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడేవాళ్లనూ, మాదిగల పుట్టుక కథ జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లనూ మాటల మధ్యలో ఒక చరణం పాడమని అడిగి వదిలేయొద్దు. కథ మొత్తం, వాళ్లు ఆగిన చోటల్లా ఆగుతూ, వంత పాడేవాళ్లతో సహా విడిగా పట్టాలి. అది వాళ్ల బతుకుదెరువు కాబట్టి ఆ రోజు కూలి ముందే చేతిలో పెట్టాలి. బయటికి ఇవ్వాలంటే మళ్లీ అడగాలి.

ఇక పని జరిగే తీరు. ఇద్దరు పోవాలి. ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకొని శబ్దం చూస్తూ పేర్లు, ఊళ్లు కాగితం మీద రాసుకుంటారు. ఆడవాళ్ల దగ్గరికి పోయేటప్పుడు అడిగే మనిషి ఆడమనిషై ఉండాలి. మొదటి రోజు మిషను తీయొద్దు. కూర్చొని, ఎందుకు వచ్చామో చెప్పి, ఎప్పుడు వీలో కనుక్కొని లేవాలి. రికార్డు చేసే రోజు పొద్దున ఎనిమిదికి, వాళ్లు తిని బీపీ, షుగరు గోలీలు వేసుకున్నాక మొదలుపెడితే పది లోపల ముగించవచ్చు. 75 నిమిషాలు మించితే గొంతు అలిసిపోతుంది, మాట పొట్టిదవుతుంది. ఒక్కసారి మూడు గంటలు కూర్చోబెట్టడం కన్నా వారం తేడాతో మూడుసార్లు పోవడం మేలు. రెండోసారి పోయేసరికి, మొదటిసారి అడిగినవి రాత్రంతా తలుచుకొని కొత్తవి చెబుతారు.

అడిగే పద్ధతిలోనే సగం పని చెడిపోతుంది. "రజాకార్లు మీ ఊరికి వచ్చినప్పుడు ఏం జరిగింది?" అని మొదలుపెడితే సెప్టెంబరు 17 సభల్లో విన్న ఉపన్యాసం తిరిగి వస్తుంది. "తాతా, అప్పుడు మీ ఇల్లు ఏ దిక్కుండె? ఇంట్ల ఎంతమందుండిరి? పొద్దుగాల ఎవరు ముందు లేస్తుండె?" అని అడగండి. ఇంట్లోకి అడుగుపెట్టాక మనిషి తనంతట తానే వాకిలి దాటి, దొర గడీ దాకా, చెరువు కట్ట దాకా నడుస్తాడు. చెప్పేది ఆగితే మనసులో పది లెక్కపెట్టండి. నాలుగో అంకెకే ఇంకో ప్రశ్న వేసేవాళ్లు అసలు మాట పోగొట్టుకుంటారు. తప్పు చెప్పారనిపిస్తే దిద్దొద్దు. ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచాలి.

సంవత్సరం అడగొద్దు. ముసలివాళ్లకు తేదీలు తప్పుతాయి గానీ వరుస అంత తొందరగా తప్పదు. "పోలీస్ యాక్షన్ నాటికి నీ లగ్గం అయిందా అవ్వా? పెద్ద బిడ్డ పుట్టిందా?" అంటే చాలు. దీనికి ప్రతి బృందం చేతిలో ఒక కాగితం ఉండాలి: 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1951 ఏప్రిల్ 18 పోచంపల్లి భూదానం, 1952 మొదటి ఎన్నికలు, 1955 డిసెంబరు 10 సాగర్ శంకుస్థాపన, 1956 సెప్టెంబరు 2 జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడడం, 1969 తెలంగాణ ఉద్యమం, 1984లో పటేల్, పట్వారీల రద్దు, 2009 అక్టోబరు వరద. వీటి మధ్య ఆ ఊరి సొంత గుర్తులు, అంటే గత్తర (కలరా) వచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు, పెద్ద కరువు, ఆ ఊరివాళ్లే చెప్పగా చేర్చుకోవాలి. పాత కాగితంలో ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) కనిపిస్తే 590 కలిపితే దాదాపుగా మన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947-48. రూపాయలు అన్నప్పుడు హాలీ సిక్కానా (నిజాం రూపాయి), ఇండియా రూపాయా అని అడిగి రాయాలి. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలు. కొలతలూ అంతే. పుట్టికి ఇరవై తూములని అందరికీ తెలుసు, కానీ కుంచానికి ఎన్ని మానికలో ఊరూరికీ తేడా. "మీ ఊర్ల కుంచం ఎంత?" అని ప్రతిచోటా అడగకపోతే, నాగుకు (గింజల అప్పుకు) తెచ్చిన గింజలు ఎన్ని, తిరిగి కొలిచినవి ఎన్ని అన్న లెక్క తేలదు.

గదిలో ఎవరున్నారన్నది తప్పక రాసిపెట్టాలి. కొడుకు పక్కన కూర్చుంటే తల్లి బదులు కొడుకే చెబుతాడు. పాత పటేలు మనవడు వచ్చి మంచం మీద కూర్చుంటే వెట్టి గురించిన మాట అక్కడికి ఆగుతుంది, "అంత మంచిగనే ఉండె" అని మలుపు తిరుగుతుంది. అతన్ని లేవమనలేం కాబట్టి ఆ రోజు పాటల సంగతో, పంటల సంగతో అడిగి, ఇంకో రోజు పోవాలి. గడీలోనో, పంచాయతీ ఆఫీసులోనో, పెద్ద కులాల వాకిట్లోనో ఎవరినీ పిలిపించి రికార్డు చేయొద్దు. వాళ్ల ఇంటికే పోయి, వాళ్లు వేసిన చోట కూర్చోవాలి. ఇంకో మాట. శాలువాలు, దండలు, ఫొటోలు ఆ రోజు వద్దు. దండ వేసిన మనిషి సభలో ఉన్నట్టు మాట్లాడతాడు.

శబ్దం విషయంలో ఫోనును నమ్ముకోవద్దు. చాలా ఫోన్లు మాటను నొక్కి చిన్న ఫైలుగా దాస్తాయి, వాట్సాప్‌లో పంపితే ఇంకా నొక్కుతుంది. అలా పోయిన ధ్వని తిరిగి రాదు. చిన్న రికార్డరు, కాలరు మైకు కొనండి. డబ్ల్యూఏవీ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక చానల్ మీద గంటకు దాదాపు 520 ఎంబీ పడుతుంది. గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, మైనస్ 6 దాటొద్దు. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. అవ్వలకు పెట్టేటప్పుడు నల్లపూసలు, పుస్తెలతాడు తగలకుండా, కొంగు దాని మీద జారకుండా చూడాలి. తలూపినప్పుడల్లా గరగరమంటే గంట మాట పనికిరాకుండా పోతుంది. ఫ్యాను ఆపాలి. రేకుల ఇంట్లో వాన మొదలైతే రికార్డు ఆపి కబుర్లు చెప్పుకోవడమే. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళంచెవి దానిలో పెట్టండి. లేకపోతే మళ్లీ వేయడం మరిచి లేచిపోతారు, వాళ్ల పాలు విరిగిపోతాయి. మొదట తేదీ, ఊరు, మండలం, చెప్పేవారి పేరు, అడిగేవారి పేరు గొంతుతో చెప్పాలి. చివర ముప్పై సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్నే పట్టుకోవాలి. తర్వాత శబ్దం శుభ్రం చేసేవాళ్లకు అది కావాలి.

అనుమతి పత్రం తెలుగులో ఒక పేజీ దాటొద్దు. చదివి వినిపించి, ఒప్పుకున్న మాటను రికార్డులోనే పట్టాలి, తర్వాత వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. అందులో నాలుగు దారులు ఉండాలి: ఇప్పుడే అందరికీ ఇవ్వవచ్చు, పేరు తీసి ఇవ్వవచ్చు, ఫలానా ఏడు దాకా మూసి ఉంచాలి, నేను పోయాకే ఇవ్వాలి. మన జిల్లాల్లో ఇది లాంఛనం కాదు. ఫలానా మనిషిని ఫలానావాళ్లు చంపారని చెప్పిన మాట ఉంటుంది. ఆ ఇద్దరి మనవలూ ఇప్పుడు ఒకే వీధిలో ఉంటారు. ఆడవాళ్ల మీద జరిగిన దౌర్జన్యాలు ఉంటాయి. భూమి కేసు నడుస్తుంటుంది. అసలు రికార్డును ఎవరూ కత్తిరించొద్దు. దాన్ని మూసి ఉంచి, పేర్లు తీసిన నకలు మాత్రమే బయటికి ఇవ్వాలి. ఏది ఎప్పటిదాకా మూసి ఉందో రిజిస్టరులో రాసి ఉండాలి, లేకపోతే కొత్త కార్యదర్శి వచ్చిన రోజే తెరిచేస్తారు. చెప్పినవారు మనసు మార్చుకుంటే వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి.

అసలు ఖర్చు ఇక్కడ మొదలవుతుంది. ఇద్దరు మనుషుల బృందం వారానికి రెండు రికార్డులు చేస్తే, 40 వారాల్లో 80 రికార్డులు. ఒక్కోటి 75 నిమిషాలు అనుకుంటే 100 గంటల మాట. 52 జీబీలు, అంతా కలిపి ఒక చిన్న డిస్కులో పడుతుంది. కానీ గంట మాటను కాగితం మీద పెట్టడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. అంటే 600 నుంచి 800 గంటలు. రోజుకు ఆరు గంటలు కూర్చుంటే ఒక మనిషికి 100 నుంచి 133 రోజులు. మిషన్లకు డబ్బు పెట్టి, రాసే మనిషికి పెట్టకపోతే వచ్చేది ఎవరూ వినని వంద గంటలు. బడ్జెట్ వేసేటప్పుడు మొదటి అంకె ఈ రాసే మనిషి జీతమే కావాలని మా గట్టి విన్నపం.

రాసే మనిషి మన యాస చెవికి పట్టినవాడై ఉండాలి. "వచ్చిండు"ను "వచ్చాడు" చేస్తే పని చెడిపోయినట్టే. ఉదాహరణకు ఒక మాట అనుకోండి: "నాయిన బాయికాడ ఉండె. దొర మనిషొచ్చి పిలిసిండు. పోయిండు. మల్ల రాలే." దీన్ని "నాన్నగారు బావి దగ్గర ఉండగా దొర మనిషి వచ్చి పిలవడంతో వెళ్లి తిరిగి రాలేదు" అని రాస్తే సమాచారం మిగులుతుంది, మనిషి పోతాడు. "పోయిండు" తర్వాత ఏడు సెకన్లు ఆగితే, ఏడు సెకన్లు ఆగారని రాయాలి. ఫోనులో మాట వింటూ టైపు చేసే యాప్‌లు ఇప్పుడు ఉన్నాయి. అవి యాసను పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తాయి, మాలీపటేలు, సేత్‌సింది, నీరడి లాంటి పాత ఊరి కొలువుల పేర్లను ఇంకేదో చేస్తాయి. మొదటి చిత్తుకు వాడుకోవచ్చు, కానీ మొత్తం మళ్లీ వింటూ దిద్దాల్సిందే. రెండు నిమిషాలకోసారి సమయం వేయాలి. యూనికోడ్‌లోనే టైపు చేయించండి. డీటీపీ సెంటరులో అను ఫాంటులో కొట్టిస్తే రేపు "వెట్టి" అని వెతికితే ఒక్కటీ దొరకదు.

మాటతో పాటు ఆ ఇంట్లో మంచం కింద ట్రంకు పెట్టె ఉంటుంది. పాత పహాణీ (భూమి లెక్కల) నకళ్లు, పన్ను రశీదులు, ముంపు పరిహారం అవార్డు కాగితం, మేస్త్రీ లెక్కల నోటుబుక్కు, పెళ్లి ఫొటో. ఒక్క కాగితమూ తీసుకుపోవద్దు. అక్కడే, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ముందూ వెనకా ఫొటో తీసి, అదే వరుసలో మళ్లీ పెట్టెలో పెట్టాలి. తుప్పుపట్టిన గుండుసూదిని లాగొద్దు. కాగితానికీ సూదికీ మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్క జార్చి మెల్లగా తీయాలి. చిరిగినచోట సెలోటేపు వేస్తే కొన్నేళ్లకు టేపు ఊడి పసుపు మరక మిగులుతుంది. లామినేషన్ అన్నిటికన్నా పెద్ద దెబ్బ. వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయలేం. చాలామంది పదిలంగా ఉంటుందనే చేయిస్తారు, అందుకే ఈ మాట ప్రతి శాఖా గ్రంథాలయం గోడ మీద రాయించండి. పాలిథీన్ కవరులో బిగిస్తే లోపలి చెమ్మతో బూజు పడుతుంది. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, నేలకు జానెడు ఎత్తున, గోడకు ఆనకుండా పెట్టమని చెప్పాలి. ఫొటో వెనక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిలే, బాల్‌పెన్ను వద్దు. 2009లో రాజోలి, అలంపురం వైపు వచ్చినలాంటి వరదలో కాగితాలు తడిస్తే ఎండలో పరచొద్దు. నీడలో, ఫ్యాను గాలికి, తెల్ల కాగితాల మధ్య ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది.

1984లో పటేల్, పట్వారీలు పోయినప్పుడు కొన్ని దస్త్రాలు ఇళ్లలోనే ఉండిపోయాయి. అలాంటివి కనిపిస్తే బెదిరించకుండా ముందు ఫొటో తీయాలి. బెదిరిస్తే ఆ రాత్రే పొయ్యిలోకి పోతాయి. ఉర్దూలో ఉన్నవి, ముఖ్యంగా గొలుసుకట్టు షికస్తాలో ఉన్నవి చదవగలిగినవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. మీ పట్టణాల్లోని రిటైరైన ఉర్దూ పంతుళ్లను వెతికి, గంటకు ఇంత అని ఇచ్చి చదివించండి, చదివేటప్పుడు వాళ్ల గొంతూ రికార్డు చేయండి.

దాచడం గురించి రెండు మాటలు. ప్రతి ఫైలుకూ మూడు నకళ్లు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. నల్లగొండ నకలు పాలమూరు విశ్వవిద్యాలయంలో, పాలమూరు నకలు నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో పెట్టుకుంటే సులువు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను కూడా అడగవచ్చు. పెన్‌డ్రైవు దాచే వస్తువు కాదు. హార్డ్‌డిస్కు ఐదేళ్లకు మార్చాలి, ఏడాదికోసారి చెక్‌సమ్ చూసి ఫైలు చెడిందా లేదా తేల్చుకోవాలి. ఇళ్లలో, సంఘాల బీరువాల్లో ఉన్న పాత క్యాసెట్లు దొరికితే వెంటనే ప్లేయరులో వేయొద్దు. మొదట క్యాసెట్టు వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ చెవులు విరిస్తే పొరపాటున చెరిగిపోకుండా ఉంటుంది. బూజు కనిపిస్తే తెలిసినవాళ్లకే ఇవ్వాలి. గంట క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించడానికి గంట పడుతుంది, తొందరపెట్టే దారి లేదు.

మేము అడిగేది ఇది. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో తాళం ఉన్న ఒక గది. రెండేళ్లు బదిలీ చేయని ఒక మనిషి. యాస తెలిసిన రాసే మనిషికి సెస్సు పద్దులో ఒక వరుస. ఎవరెవరిని కలిశామో, ఏ రికార్డు తెరిచి ఉందో, ఏది మూసి ఉందో చూపించే రిజిస్టరు. ప్రతి రికార్డుకూ ఒక నకలు ఆ ఇంటికి, చెప్పిన మనిషి బతికి ఉండగానే. ప్రారంభోత్సవం అక్కర్లేదు.

మన ఊళ్లలో ఈ పని మొదలుపెట్టడానికి మంచి కాలం సంక్రాంతి నుంచి ఉగాది దాకా. ఎండలు ముదిరితే పెద్దవాళ్లకు ఓపిక ఉండదు, వానలు పడితే రేకుల ఇళ్లలో మాట వినపడదు. సంక్రాంతికి ముందే మొదటి రెండు బృందాలకు నాలుగు రోజుల శిక్షణ మేమే ఇస్తాం, దానికి డబ్బు వద్దు. ఏ గ్రంథాలయంలో గది ఇస్తారో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రాసి పంపండి.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పాత మాటలు, పాత కాగితాలు భద్రపరిచే పనిలో ఉన్నవాళ్లం